కోయకుండా చదివే పోస్ట్‌మార్టం: పబ్లిక్ గార్డెన్స్ మమ్మీ నుంచి చేవెళ్ల రోడ్డు దాకా

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది. మనిషి చనిపోయాక ఆ శరీరాన్ని డాక్టర్లు ఎలా పరీక్షిస్తారు, ఆ పరీక్షలోకి ఎక్స్‌రే, సీటీ స్కాన్ ఎలా వచ్చాయి, అవి మన ఊళ్ల దాకా వస్తే ఏం లాభం... ఇదీ ఈరోజు కథ. భయపెట్టే ఫోటోలు ఏవీ చూపించను. ఇంట్లో అమ్మానాన్నతో కూర్చొని కూడా వినొచ్చు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది కదా, అందులో ఒక ఈజిప్ట్ మమ్మీ ఉంటుంది. పేరు నైషు. రాకుమారి అని చెప్తారు. వయసు రెండు వేల ఏళ్లకు పైనే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఆ మమ్మీని కొని తెచ్చాడు. ఆయన నుంచి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. 2016లో ఆ మమ్మీకి ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీశారు. పైన చుట్టిన బట్ట పాడవుతోంది, లోపల ఎముకలు ఏ స్థితిలో ఉన్నాయో తెలియాలి, కానీ కట్టు విప్పకూడదు. విప్పితే మళ్లీ చుట్టలేం. అందుకని స్కాన్.

ఇప్పుడు ఆ మ్యూజియం దగ్గర బండి స్టార్ట్ చేసి పడమర వైపు రండి. అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ దాటి, మా కనకమామిడి మీదుగా చేవెళ్ల. రెండు వైపులా మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దాదాపు 900 చెట్లు. ఎంత అందమైన రోడ్డో, యాక్సిడెంట్లకు అంత పేరు పడ్డ రోడ్డు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. దాదాపు 20 మంది పోయారు. ఆ రోజు చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రి బయట నిలబడ్డ కుటుంబాలను టీవీలో మీరూ చూసే ఉంటారు.

లోపల పోస్ట్‌మార్టం నడుస్తుంటే బయట నిలబడటం ఎలా ఉంటుందో మా వైపు చాలా ఇళ్లకు తెలుసు. ఇంట్లోవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, ఎప్పుడు ఇస్తారు? రెండు, కోయకుండా ఇవ్వరా సార్?

ఆ రెండో ప్రశ్న చిన్నది కాదు. రెండు వేల ఏళ్ల కిందటి రాకుమారి కట్టు విప్పకుండా లోపల చూడగలిగాం. మరి నిన్న మన రోడ్డు మీద పోయిన మనిషిని అలా ఎందుకు చూడలేకపోతున్నాం? దీనికి జవాబు కావాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

ముందు చట్టం. అనుమానాస్పదంగా గానీ, ప్రమాదంలో గానీ, ఆత్మహత్య చేసుకొని గానీ ఎవరైనా చనిపోతే పోలీసులు వచ్చి, చుట్టుపక్కల పెద్దమనుషుల ముందు శవ పంచనామా రాస్తారు. ఇప్పుడు ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్. 2024 జులై 1 కంటే ముందు ఇదే సీఆర్‌పీసీ 174. పంచనామా తర్వాత అవసరమైతే బాడీని పరీక్ష కోసం దగ్గర్లోని ప్రభుత్వ డాక్టరుకు పంపాలి. ఇక్కడ ఒక తమాషా మాట ఉంది. వాతావరణం, దూరం చూసుకొని, దారిలో శరీరం పాడై పరీక్ష పనికిరాకుండా పోయే ప్రమాదం లేకపోతేనే పంపాలి అని చట్టం అంటుంది. ఎడ్లబండ్ల కాలం నాటి జాగ్రత్త అది, ఇప్పటికీ అలాగే ఉంది. ఇంకో సంగతి గమనించండి. చట్టం వాడిన మాట ‘పరీక్ష’. కత్తితోనే చెయ్యాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

మరి కత్తి ఎప్పుడు వచ్చింది? మన దేశంలో రికార్డుల్లో ఉన్న మొదటి పోస్ట్‌మార్టంలలో ఒకటి మన పక్కనే, మద్రాసు సెయింట్ జార్జ్ కోటలో జరిగింది. 1693 ఆగస్టు. ఈస్ట్ ఇండియా కంపెనీ కౌన్సిల్ మెంబర్ జేమ్స్ వీలర్ మందు తాగి చనిపోయాడు. మందు ఇచ్చిన డాక్టర్ శామ్యూల్ బ్రౌన్. ముత్యం పొడి మందు అది. ఆ ముత్యాన్ని నూరిన కల్వంలోనే అంతకుముందు ఆర్సెనిక్ నూరారు, సరిగ్గా కడగలేదు. ఇంకో డాక్టర్ ఎడ్వర్డ్ బల్క్‌లీ శరీరాన్ని కోసి పరీక్షించి రిపోర్ట్ ఇచ్చాడు. కేసు కోర్టుకు వెళ్లింది, బ్రౌన్ బయటపడ్డాడు. ఈ వీలర్ కథను గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు మళ్లీ పనుంది.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లు కత్తిదే రాజ్యం. 1895 నవంబర్ 8న జర్మనీలో వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. 1896 జనవరిలో ప్రపంచానికి తెలిసింది. కోర్టు దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందనుకుంటున్నారు? ఏళ్లు కాదు, వారాలు. కెనడాలో మాంట్రియల్‌లో 1895 క్రిస్మస్ ముందురోజు ఒకతని కాలిలో తుపాకీ గుండు దిగింది. డాక్టర్లు ఎంత వెతికినా దొరకలేదు. ఫిబ్రవరిలో మెక్‌గిల్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ జాన్ కాక్స్ 45 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఎక్స్‌రే తీశాడు. రెండు ఎముకల మధ్య గుండు కనిపించింది. ఆ ప్లేటునే కోర్టులో సాక్ష్యంగా పెట్టారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో నెల్సన్ అనే ఊళ్లో భర్త కాల్చిన ఒకామె తలలో గుండ్లు ఎక్కడున్నాయో మాంచెస్టర్ ప్రొఫెసర్ ఆర్థర్ షుస్టర్ టీమ్ ఎక్స్‌రేతో చూపించింది. ఆమె బతకలేదు. కానీ హత్య కేసుల్లోకి ఎక్స్‌రే అప్పుడే అడుగుపెట్టేసింది.

తర్వాతి మెట్టు గుర్తింపు. 1949 సెప్టెంబర్‌లో కెనడాలోని టొరంటో రేవులో నోరోనిక్ అనే ఓడ తగలబడింది. వంద మందికి పైగా చనిపోయారు. ఎవరు ఎవరో తెలియని పరిస్థితి. అప్పుడు ఆర్థర్ సింగిల్టన్ అనే రేడియాలజిస్ట్ ఒక పని చేశాడు. చనిపోయినవాళ్లు బతికి ఉండగా ఎప్పుడో ఆసుపత్రిలో తీయించుకున్న పాత ఎక్స్‌రేలు తెప్పించి, శరీరాల ఎక్స్‌రేలతో పోల్చాడు. ఎముక ఆకారం, పాత విరుపు గుర్తు, సైనస్ ఆకారం ఇవన్నీ వేలిముద్రల్లాంటివే. అలా 24 మందిని గుర్తుపట్టారు.

మనకూ ఆ అవసరం వచ్చింది. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. గుర్తుపట్టడానికి డీఎన్ఏ టెస్టులు చెయ్యాల్సి వచ్చింది. రిజల్ట్ వచ్చేదాకా కుటుంబాలు ఎదురుచూశాయి. దానికి నాలుగేళ్ల ముందు, 2009 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. అక్కడ మెల్‌బోర్న్ ఫోరెన్సిక్ సంస్థ మార్చురీలో 2005 నుంచే సొంత సీటీ స్కానర్ ఉంది. వచ్చిన అవశేషాలను ముందు స్కాన్ చేసి, మనిషివా కావా, ఒకరివా ఇద్దరివా, పళ్లలో ఫిల్లింగ్ ఉందా, ఒంట్లో రాడ్ ఉందా చూసుకున్నారు. డీఎన్ఏ పని పోలేదు. కానీ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో స్కాన్ చెప్పింది.

ఇంతకీ సీటీ అంటే ఏంటి? మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది ఈజీ. ఎక్స్‌రే ఒకే ఫోటో, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. సీటీలో ట్యూబు శరీరం చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో కొలుస్తుంది, కంప్యూటర్ ఆ కొలతల నుంచి బ్రెడ్ ముక్కల్లాగా స్లైసులు కడుతుంది. ప్రతి చిన్న గడికి ఒక నంబర్. నీళ్లు సున్నా, గాలి మైనస్ వెయ్యి, ఎముక కొన్ని వందల నుంచి వెయ్యి పైకి, లోహం ఇంకా పైకి. ఆ స్కేలుకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీర్ ఆయన, డాక్టర్ కాదు. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటి పేషెంట్‌ను స్కాన్ చేశారు, 1979లో ఆయనకు కార్మాక్‌తో కలిపి నోబెల్ వచ్చింది. 1977లోనే జర్మనీలో తలకు తుపాకీ గాయమై చనిపోయిన కేసుల్లో సీటీ వాడి చూశారు.

దీన్ని ఒక పద్ధతిగా మార్చింది స్విట్జర్లాండ్‌లో బెర్న్ యూనివర్సిటీ. 1990ల చివర్లో రిచర్డ్ డిర్న్‌హోఫర్, మైకేల్ థాలీ టీమ్ ‘వర్టాప్సీ’ అని ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. వర్చువల్, అటాప్సీ కలిపిన పేరు. ముందు సీటీ, ఎమ్‌ఆర్‌ఐ తీసి, స్కాన్ చూసి రిపోర్ట్ రాసి, తర్వాత మామూలుగా కోసి, రెండూ పోల్చారు. 2003లో 40 కేసుల ఫలితాలు ప్రచురించారు. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చనిపోయిన మనిషికి రేడియేషన్ డోస్ భయం లేదు. ఊపిరి ఆడదు, కదలడు. బతికున్న మనిషి స్కాన్ కంటే క్లియర్‌గా వస్తుంది.

సరే, మరి కత్తి పక్కన పడేయొచ్చా? ఇక్కడే చాలా వీడియోలు తొందరపడతాయి. 2012లో లాన్సెట్ అనే పత్రికలో ఒక స్టడీ వచ్చింది. మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్‌లో 182 మంది మృతులకు సీటీ, ఎమ్‌ఆర్‌ఐ రెండూ తీసి, తర్వాత పోస్ట్‌మార్టం చేశారు. చావుకు కారణం విషయంలో సీటీకి, పోస్ట్‌మార్టానికి మధ్య పెద్ద తేడా 32 శాతం కేసుల్లో వచ్చింది. ఎమ్‌ఆర్‌ఐ అయితే 43 శాతం. అంటే సీటీ మూడింట ఒకటి తప్పింది. ఎక్కువ తప్పినవి ఏంటి? గుండె రక్తనాళాల జబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, న్యుమోనియా, కడుపులోని కొన్ని జబ్బులు. రీజన్ సింపుల్. గుండె ఆగాక రక్తం తిరగదు. బతికున్నవాళ్లకు ఇచ్చినట్టు రంగు మందు ఎక్కించి రక్తనాళాలు చూడటం కుదరదు, పంపుతో తోయించాలి. పైగా చనిపోయాక సహజంగా వచ్చే గడ్డకూ, చంపిన గడ్డకూ తేడా స్కాన్‌లో చెప్పడం కష్టం.

కానీ అదే స్కాన్ కొన్నిచోట్ల కత్తి కంటే బెటర్. విరిగిన ఎముకలు, ముఖ్యంగా ముఖం, వెన్నెముక, కటి. మామూలుగా డాక్టర్లు అంత లోపలికి కోయరు. తుపాకీ గుండు దారి, ఇనప ముక్కలు. గాలి వెళ్లకూడని చోటికి గాలి వెళ్లిందా. ఇలాంటివి కోస్తే ఆ గాలి కాస్తా బయటికి పోతుంది, సాక్ష్యం పోయినట్టే.

ఇప్పుడు మన 1693 వీలర్ దగ్గరకి వద్దాం. ఆయన్ని ఇవాళ్టి బెస్ట్ స్కానర్‌లో పెట్టినా అది ఆర్సెనిక్ అని చెప్పలేదు. విషం రసాయనం, దాని పేరు తేలాలంటే రసాయన పరీక్షే కావాలి. మన తెలంగాణలో ఇది పెద్ద విషయం. పత్తి చేలు ఉన్న ఊళ్లలో పురుగుమందు తాగి పోయిన మనిషి గురించి తెలియని వాళ్లు ఎవరున్నారు? ఆ కేసులో డాక్టర్ కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కలు తీసి, ఉప్పు బాగా కలిపిన నీళ్లలో వేసి, సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకి పంపాలి. విసెరా అని పేపర్లో చదువుతాం కదా, అదే. దానికి కత్తి కావాల్సిందే. కాబట్టి ‘ఇక పోస్ట్‌మార్టం ఉండదు’ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మరి లాభం ఎక్కడ? నా దృష్టిలో అసలు లాభం కోయకపోవడం కాదు. అది ఇంకోటి. చెప్తా.

మనం కోడ్ రాస్తే బ్యాకప్ ఉంటుంది, తప్పు జరిగితే వెనక్కి వెళ్తాం. పోస్ట్‌మార్టానికి అన్‌డూ లేదు. ఒక్కసారి కోశాక ఆ శరీరం మళ్లీ మొదటి స్థితికి రాదు. ఆ డాక్టర్ ఏం చూశాడో, ఏం రాశాడో అదే మిగులుతుంది. తర్వాత అంత్యక్రియలు. దహనం అయితే బూడిద. రిపోర్ట్‌లో ఒక లైన్ తప్పితే, దాన్ని సరిచూడటానికి మిగిలేది ఏంటి?

దీని బరువు మన రంగారెడ్డి జిల్లాలోనే చూశాం. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం అయింది. తర్వాత శరీరాలను గాంధీ ఆసుపత్రి మార్చురీకి తెచ్చారు. హైకోర్టు రీపోస్ట్‌మార్టం చెయ్యమంది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి డిసెంబర్ 23న మళ్లీ చేశారు. పదిహేడు రోజులు. ఆ కేసు గురించి మీ అభిప్రాయం ఏదైనా కావొచ్చు, దాని మీద ఇక్కడ వాదించట్లేదు. నేను అడిగేది ఒకటే. రెండో టీమ్ చూసింది అప్పటికే ఒకసారి కోసిన శరీరాలను. మొదటి కోతకు ముందే తల నుంచి పాదం దాకా స్కాన్ ఫైల్ ఉంటే, ఎయిమ్స్ డాక్టర్ ఢిల్లీలో కూర్చొని కూడా కోయకముందు స్థితిని చూడగలిగేవాడు. కోర్టూ చూసేది. ఏదైనా అనుమానం వస్తే పదేళ్ల తర్వాత ఇంకో డాక్టర్ చూడొచ్చు.

అదీ పాయింట్. మృతదేహం ఒక్కసారే తెరవగలిగే పుస్తకం. తెరవకముందే దాని కాపీ తీసి పెట్టుకోవడమే స్కాన్. కత్తికి పోటీ కాదు, కత్తికి సాక్షి.

మన దేశంలో ఇది మొదలైంది కూడా. 2021 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐసీఎమ్‌ఆర్‌తో కలిసి వర్చువల్ అటాప్సీ సెంటర్ ప్రారంభించారు. 2022 సెప్టెంబర్‌లో కమెడియన్ రాజు శ్రీవాస్తవ చనిపోయినప్పుడు అక్కడ ఈ పద్ధతే వాడారు, అప్పుడే చాలామందికి ఈ మాట తెలిసింది. 2021 నవంబర్ 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇంకో మార్పు చేసింది. సౌకర్యాలు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చెయ్యొచ్చు, వీడియో తీయాలి అని. హత్య, ఆత్మహత్య, అత్యాచారం లాంటి అనుమానం ఉన్న కేసులకు మాత్రం మామూలుగా అది వర్తించదు. అంటే రూల్స్ మారతాయి. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి అలవాట్లు కూడా కదులుతాయి.

మరి చేవెళ్లలో ఏం చెయ్యాలి? ప్రతి మార్చురీలో స్కానర్ పెట్టమనడం తేలిక. మిషన్ కోట్లలో ఉంటుంది, చదివే రేడియాలజిస్ట్ కావాలి. మృతుల స్కాన్ చదవడం వేరే విద్య, కుళ్లినప్పుడు వచ్చే గాలిని చూసి గాయం అనుకునే ప్రమాదం ఉంది. బతికున్నవాళ్లే స్కాన్ కోసం లైన్లో ఉంటే, చనిపోయినవాళ్లకు ముందు ఇవ్వమని ఎవరు అడుగుతారు? న్యాయమైన ప్రశ్నే. అందుకే అన్ని కేసులకూ కాదు, మూడు రకాలతో మొదలుపెట్టాలని నేనంటాను. ఒకటి, పోలీసు కస్టడీలో గానీ కాల్పుల్లో గానీ చనిపోయినవాళ్లు. రెండు, కాలిపోయి గుర్తుపట్టలేని శరీరాలు. మూడు, ఎక్కువమంది పోయిన రోడ్డు ప్రమాదాలు. ఈ మూడింటిలోనూ స్కాన్ బలంగా ఉంటుంది, రికార్డు అవసరమూ ఎక్కువే. చేవెళ్ల నుంచి సిటీలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి గంట, గంటన్నర దూరం. ఒక్క చోట మిషన్ ఉన్నా సరిపోతుంది, ఫైల్ ఎక్కడికైనా పంపొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం కచ్చితంగా కావాలి. ఫైల్ అంటే కాపీ అవుతుంది. కాపీ అంటే లీక్ అవుతుంది. ఎవరు ఓపెన్ చేశారు, ఎప్పుడు చేశారు అన్న లాగ్ లేకపోతే, ఫైల్ మారలేదని నిరూపించే ఏర్పాటు లేకపోతే, కోర్టులో అది నిలబడదు. ఇది డాక్టర్ల పని కాదు, మనలాంటి ఇంజనీర్ల పని. కాలేజీ ప్రాజెక్ట్ కోసం టాపిక్ వెతుకుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, ఇదిగో టాపిక్.

ఇంకో మాట, ఇది మన ఫోన్ల గురించి. యాక్సిడెంట్ అయిన పది నిమిషాల్లో రోడ్డు మీద పడున్నవాళ్ల వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. మ్యూజియంలో రాకుమారి కట్టు విప్పడానికి అంతమంది ఆలోచించారు. మన ఊరి మనిషి మీద కప్పిన దుప్పటి తీసి వీడియో తీయడానికి ఎవరూ ఆలోచించట్లేదు. ఆ వీడియో మీకొస్తే ఫార్వర్డ్ చెయ్యకండి. ఇంట్లోవాళ్ల కంటే ముందు ఊరంతా చూడకూడదు.

మార్చురీ బయట ‘కోయకుండా ఇవ్వరా సార్’ అని అడిగే అమ్మకి ఇప్పటికి ఉన్న నిజమైన జవాబు: కొన్ని కేసుల్లో కుదరొచ్చమ్మా, అన్నింట్లో కాదు. కానీ ఏం జరిగిందో మళ్లీ చూసుకునే హక్కు మాత్రం నీకు ఉండాలి. ఆ రెండోది అడగడం మన చేతుల్లో ఉంది.

మీ జిల్లా ఆసుపత్రి మార్చురీలో కనీసం ఎక్స్‌రే మిషన్ ఉందా? తెలిసినవాళ్లు కామెంట్‌లో రాయండి, వ్యక్తుల పేర్లు, ఫోటోలు మాత్రం పెట్టకండి. చేవెళ్ల రోడ్డు మీద బండి నడిపేవాళ్లు, హెల్మెట్ పెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.